మిద్దె మీది సీసాలు, మాట మానేసిన కొడుకు

తిరుపతి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఇంటి గుర్తు తెలిసే వివరాలు తీసేసి విషయం మాత్రం చెబుతాను.

అద్దె ఇల్లు. మిద్దె మీద రేకుల గది. చదువుకుంటానని కొడుకు ఆ గదిలో చేరాడు. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. ఈమధ్య వాడి వేళ్లు నల్లబడి, సబ్బుతో ఎంత రుద్దినా పోకపోతే ఆమె గట్టిగా నిలదీశారు. అప్పుడు బయటపడింది సంగతి. గది నిండా సీసాలు. కూల్‌డ్రింకు సీసాల్లో నీలం నీళ్లు, పక్కన మైలుతుత్తం పొట్లం. అర లీటరు బ్యాటరీ యాసిడ్. బాత్రూం యాసిడ్, దాన్ని ఆనుకుని బ్లీచింగ్ పౌడర్. హోమియో మందు సీసాలో పాదరసం. చెల్లెలి పుట్టినరోజుకని ఒక గాజు బుడ్డి లోపల అద్దంలా వెండి పూత పూసి ఇచ్చాడట, ఆ మందు కొంచెం మిగిలితే చిన్న సీసాలో దాచాడు, అది ఇప్పుడు నల్లగా అయింది. అవ్వ కాలంనాటి తాళానికి తుప్పు వదిలించడానికని ఒక బకెట్లో ఉప్పునీళ్లు పోసి, స్టీలు స్పూన్లు పెట్టి కరెంటు ఇచ్చాడు, ఆ బకెట్ అడుగున ఆకుపచ్చ బురద పేరుకుంది. ఇవి కాక పేరు రాయని సీసాలు ఐదారు.

వాళ్లాయన కొడుకును కొట్టారు. వాడు ప్రయోగాలు రాసుకున్న నోటుబుక్కు బీరువాలో పెట్టి తాళమేసి, తగలబెడతానంటున్నారు. ఆ రోజు నుంచి వాడు నోరు విప్పడం లేదు. రాత్రిపూట అన్నీ కాలువలో పోసేసి సీసాలు పాత సామాన్లాయనకు వేసేద్దామని ఆయన పట్టు. పెరట్లో గొయ్యి తీసి పూడ్చమని అత్తగారి మాట. బోరు ఆ పక్కనే. నెలాఖరుకు బెంగుళూరు నుంచి ఇంటి ఓనరు వచ్చి రేకుల గది పడగొట్టిస్తారట. "ఏది పారబోయొచ్చు, ఏది కూడదు? బయటికి తెలిస్తే పిల్లోడి మీద కేసు పెడతారా? ఓనరుకు చెప్పాలా? ఆ మెట్లెక్కాలంటేనే కాళ్లు వణకతా ఉన్నాయి సార్" అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో బ్యాటరీ యాసిడ్ గురించి అర పేజీ రాశారు. నల్లబడిన చిన్న సీసా గురించి ఒక వాక్యం, ఉప్పునీళ్ల బకెట్ గురించి ఇంకో వాక్యం. కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిగా నేను మాత్రం మీ ఉత్తరాన్ని కింద నుంచి పైకి చదివాను. మీరు భయపడుతున్న యాసిడ్‌కి దారి ఉంది. మీరు పెద్దగా పట్టించుకోని ఆ రెండింటితోనే అసలు జాగ్రత్త.

నల్లబడిన సీసా సంగతి ముందు. గదికి తాళం వేసి ఎవరినీ పోనివ్వవద్దని ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్లో చెప్పాను. ఎవరిని పిలవాలో తేల్చుకోలేకపోతున్నామన్నారు కాబట్టి కారణంతో సహా రాస్తున్నాను. మీవాడు చేసింది ఇంటర్ పుస్తకంలో ఉన్నదే, టాలెన్స్ పరీక్ష అంటారు. సిల్వర్ నైట్రేట్‌లో కొంచెం కాస్టిక్ సోడా, ఆపైన అమ్మోనియా కలిపి, గ్లూకోజు వేసి వెచ్చజేస్తే గాజుకు వెండి పట్టుకుంటుంది. చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఆ ద్రావణాన్ని ఎప్పటికప్పుడు కావలసినంతే కలిపి, పని అయిన వెంటనే పలచని యాసిడ్ పోసి చంపేయాలి. నిలవ ఉంచితే అందులో నల్లటి పదార్థం పుడుతుంది. అది పేలుతుంది. మంట అక్కర్లేదు. ఎండి మూత మరల్లో చేరి ఉంటే మూత తిప్పిన రాపిడి చాలు. కదిపినా, పక్క సీసా తగిలినా చాలు. ఉన్నది పావు గ్లాసే కదా అనుకోవద్దు. చేతిలో గాజు సీసా పగలడానికి, ఆ పెంకులు కళ్లలో గుచ్చుకోవడానికి అంత కూడా అక్కర్లేదు.

మీవాడు దాన్ని దాచి మూడు వారాలైందని ఫోన్లో చెప్పారు. కాబట్టి ఆ సీసాను మీరు గాని, మీవారు గాని, వాడు గాని ముట్టుకోకూడదు. యాసిడ్ పోసి చంపేసే దశ దాటిపోయింది, ఇప్పుడు అందులో నీళ్లు కూడా పోయొద్దు. ఈ ఎండల్లో రేకుల కింద గది ఎంత కాగుతుందో మీకు తెలుసు, అందుకే దీన్ని నెలాఖరు దాకా లాగకండి.

పిలవడానికి రెండు దారులు. ఒకటి, కెమిస్ట్రీ తెలిసినవాళ్లు. మీ ఊళ్లోనే ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఏర్పేడు దగ్గర ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థ, ఐఐటీ ఉన్నాయి. మీ అబ్బాయి కాలేజీ లెక్చరరును పట్టుకుంటే వాళ్లలో ఒకరిని ఫోన్లో కలపగలరు. తలుపు దగ్గరే నిలబడి ఫోన్ కెమెరా జూమ్ చేసి తీసిన ఒక ఫోటో వాళ్లకు చూపిస్తే సరిపోతుంది. ఇది గొడవ లేని దారి. కాకపోతే మీ ఇంటికి రావడం వాళ్ల ఉద్యోగ బాధ్యత కాదు. రావచ్చు, రాకపోవచ్చు, "ముట్టుకోకండి, ఫైర్ వాళ్లకు చెప్పండి" అని కూడా అనొచ్చు.

రెండోది 101 గాని 112 గాని. బండి వస్తుంది, వీధి జనం గుమిగూడతారు, అత్తగారికి తలవంపులుగా ఉంటుంది. ప్రశ్నలు అడుగుతారు. అడగనివ్వండి. "మా అబ్బాయి ఇంటర్ ప్రాక్టికల్‌లో నేర్చుకున్న టాలెన్స్ ద్రావణం ఇంట్లో చేశాడు, అమ్మోనియా కలిసిన సిల్వర్ నైట్రేట్, మూడు వారాలు నిలవ ఉంది, నల్లబడింది, ముట్టుకోలేదు" అని ఈ మాటలే చెప్పండి. పేలుడు పదార్థం తీసేవాళ్లను పిలవాలా వద్దా అన్నది వాళ్లు తేల్చుకుంటారు. వాళ్లు ఏం రాసుకుంటారో, ఏం అడుగుతారో నేను హామీ ఇవ్వలేను. కానీ తనంతట తాను పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పిన తల్లి పరిస్థితి వేరు. అర్ధరాత్రి సీసా చేతిలో పేలి, ఆసుపత్రిలో కారణం చెప్పుకోవాల్సిన తండ్రి పరిస్థితి వేరు. నన్నడిగితే పొద్దున మొదటి దారి ప్రయత్నించండి. సాయంత్రానికి ఎవరూ వస్తామనకపోతే రెండోదానికి వెళ్లండి. వీధివాళ్లు నాలుగు రోజులు చెప్పుకుంటారు, ఆ తర్వాత మరచిపోతారు.

ఇక మీ అబ్బాయి మాట. ఇది ఇంటి గొడవ, ఆ సీసాలు వేరే గొడవ అని మీరు విడదీసి రాశారు. ఆ రెండూ ఒకటే అమ్మా. ఆ గదిలో ఏ సీసాలో ఏముందో ప్రపంచంలో తెలిసిన మనిషి ఒక్కడే, వాడితోనే ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. వాడి తర్వాత తెలిసింది ఆ నోటుబుక్కుకు. దాన్ని తగలబెడితే పేరు లేని ఐదారు సీసాలూ శాశ్వతంగా పేరు లేకుండా పోతాయి. అప్పుడు కాలేజీవాళ్లు గాని, కాలుష్య నియంత్రణ మండలివాళ్లు గాని వాటిని అత్యంత ప్రమాదకరమైనవిగానే చూడాలి, తీసుకోవడానికి జంకుతారు కూడా. మీవారికి ఈ ఒక్క కారణం చెప్పండి. కొడుకును క్షమించమని అడగొద్దు, ఇప్పుడప్పుడే ఆయన వినరు. నోటుబుక్కు బయటికి తీయమని మాత్రం అడగండి.

అబ్బాయిని అడిగేటప్పుడు "ఎందుకు చేశావు"తో మొదలుపెట్టకండి. ఒక తెల్లకాగితం, పెన్ను ముందు పెట్టి, "నువ్వు చెబితే తప్ప మాకు తెలీదు, ఒక్కో సీసాకు ఏమేం కలిపావో, ఎప్పుడు కలిపావో రాయి నాయనా" అనండి. తెలియనిదానికి తెలియదనే రాయమనండి. ఊహించి రాసిన పేరు రాయకపోవడం కంటే చేటు. బ్యాటరీ యాసిడ్ కొత్తగా కొన్నదా, పాత బ్యాటరీలోంచి తీసిందా అన్నది తప్పకుండా అడగండి, దాని మీద చాలా ఆధారపడి ఉంది. వాడి వేళ్ల నలుపు గురించి దిగులొద్దు. అది సిల్వర్ నైట్రేట్ మరక, చర్మంలోనే వెండి దిగి నల్లబడుతుంది. పైచర్మం రాలే కొద్దీ వారం రెండు వారాల్లో దానంతటదే పోతుంది. బ్లీచింగ్ పెట్టి రుద్దితే మాత్రం చెయ్యి పాడవుతుంది.

మీవారి ఆలోచన గురించి కోపం తెచ్చుకోకుండా రాయాలని ప్రయత్నిస్తున్నాను. కాలువలో పోస్తే మీ ఇంట్లోంచి పోతుంది, నిజమే. రేపు పొద్దున ఆ కాలువ పూడిక తీయడానికి పార చేత్తో, చాలాసార్లు ఉత్త కాళ్లతో దిగే మనిషి ఒకరున్నారు. రాత్రి మీరు యాసిడ్ పోసిన చోటే ఇంకొకరు బ్లీచింగ్ చల్లి ఉంటే అక్కడ పుట్టేది క్లోరిన్ గ్యాసు. ఆ గ్యాసు గాలి కంటే బరువు, పల్లంలోనే నిలుస్తుంది, వంగి పనిచేసే మనిషి ముక్కు దగ్గరే. పాత సామాన్లాయన సంగతీ అంతే. ఆయన సీసా తూకానికి తీసుకునే ముందు మూత తీసి, మిగిలింది నేల మీద వంచి, వాసన చూసి మరీ గోతంలో వేస్తాడు. నేను చూశాను. ఆయనకు ఆ సీసాలో ఏముందో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

గొయ్యి ఇంకా చెడ్డది, ఎందుకంటే అది మీ నోటికే తిరిగొస్తుంది. చిత్తూరు సరిహద్దు దాటితే తమిళనాడులో రాణిపేట. అక్కడ మూతపడిన ఒక క్రోమియం ఫ్యాక్టరీ వదిలేసిన వ్యర్థాల గుట్టల్లోంచి వాననీరు దిగి భూగర్భజలం పాడైంది. ఫ్యాక్టరీ పోయి దశాబ్దాలు గడిచినా ఆ నేల బాగుపడలేదు. మీ బకెట్ ఎక్కడ, ఆ గుట్టలెక్కడ అనొచ్చు, పోలిక పరిమాణంలో కాదు. కానీ లోహం మట్టిలో కుళ్లిపోయేది కాదు, తరిగిపోయేది కాదు. బోరు పక్కన పూడ్చింది బోరు పక్కనే ఉంటుంది, నీరు తగిలిన చోటికి కదులుతుంది.

రాణిపేట పేరెత్తడానికి ఇంకో కారణం మీ ఉప్పునీళ్ల బకెట్. ఉప్పు వంటింటిదే, స్పూన్లు వంటింటివే, ఇందులో విషం ఎక్కడిదని మీరు రాశారు. స్టెయిన్‌లెస్ స్టీలు అనిపించుకోవాలంటే అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. మంచి రకం గిన్నెలూ స్పూన్లలో 18 శాతం దాకా ఉంటుంది, నికెల్ కూడా ఉంటుంది. ఉప్పునీళ్లలో పెట్టి కరెంటు ఇస్తే ప్లస్ వైపు స్పూను కరిగి ఆ క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. అందులో కొంత హెక్సావేలెంట్ క్రోమియంగా మారవచ్చు, క్యాన్సర్ తెచ్చే రూపం అదే. పైన నీళ్లు పసుపుపచ్చగా ఉంటే అనుమానం మరీ ఎక్కువ. కాబట్టి ఆ బకెట్ నీళ్లు పారబోయకండి, ఎండబెట్టకండి కూడా. ఎండితే పొడి గాల్లో లేచి ఊపిరిలోకి పోతుంది. రబ్బరు గ్లవుజులు వేసుకుని, బురదతో సహా మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలోకి వంచి, "క్రోమియం, నికెల్ ఉన్న నీళ్లు, స్టీలు స్పూన్లతో కరెంటు పెట్టినవి" అని రాసి పక్కన పెట్టండి. ఆ స్పూన్లు మళ్లీ వంటింట్లోకి రాకూడదు. ఈ పని ఆ నల్లబడిన వెండి మందు సీసా గదిలోంచి వెళ్లాకే. అంతకుముందు ఆ గదిలో బకెట్ కాదు, కుర్చీ కూడా జరపొద్దు.

యాసిడ్ దగ్గరికి వద్దాం. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ వ్యర్థాలు కావు, వాడుకునే సరుకు. వేరువేరు చోట్ల పెట్టి, వేరువేరు రోజుల్లో వాటి పనికి వాడుకోండి. ఒకేసారి రెండు చేతుల్లో రెండూ పట్టుకుని మెట్లు దిగొద్దు, అంతే. బ్యాటరీ యాసిడ్ కొత్తదైతే ముందు కొన్న బ్యాటరీ షాపులో అడగండి, వాళ్లు రోజూ వాడే సరుకే కాబట్టి తీసుకోవచ్చు. పాత బ్యాటరీలోంచి వంచుకున్నదైతే అందులో సీసం ఉంటుంది, దాన్ని కాలువలోకి పంపే దారే లేదు, క్రోమియం డబ్బా పక్కన పెట్టాల్సిందే.

షాపువాళ్లు వద్దంటే కొత్త యాసిడ్‌ని ఇంట్లో విరగ్గొట్టొచ్చు, అంటే వంట సోడాతో దాని యాసిడ్ గుణం పోగొట్టొచ్చు. కానీ తొందర మనిషి చేసే పని కాదు ఇది. లెక్క చెబుతాను, ఎందుకంటే ఇందులో చాలామంది సోడా చాలనంతగా వేసి అయిపోయిందనుకుంటారు. అర లీటరు బ్యాటరీ యాసిడ్ విరగాలంటే దాదాపు 400 గ్రాముల వంట సోడా పడుతుంది. చిటికెలు కాదు, దగ్గర దగ్గర అర కిలో పొట్లం. ప్లాస్టిక్ బకెట్లో సగానికి నీళ్లు పోయండి, ఇనుప బకెట్, స్టీలు బకెట్ కూడదు. ఆ నీళ్లలోకి యాసిడ్‌ని సన్నటి ధారగా పోయాలి. యాసిడ్‌లోకి నీళ్లు ఎప్పుడూ పోయొద్దు, కాగి ఎగజిమ్ముతుంది. తర్వాత వంట సోడా ఒక్కో చెంచా. బుస్సున పొంగుతుంది, అణిగాక ఇంకో చెంచా. పొంగడం పూర్తిగా ఆగాక పీహెచ్ కాగితం (యాసిడ్ ఇంకా ఉందో లేదో రంగుతో చూపేది) ముంచితే 6కూ 8కీ మధ్య చూపాలి. అప్పుడు బాగా నీళ్లు వదిలి మరుగుదొడ్లో పోయొచ్చు. ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, వెల్డింగ్ షాపుల్లో దొరికే తెల్లద్దాల కళ్లజోడు, రబ్బరు గ్లవుజులు, బూట్లతో చేయాలి. చీర కొంగు, చున్నీ వేలాడకూడదు. పక్కన నీళ్ల బకెట్ నిండుగా ఉండాలి. చర్మం మీద గాని కంట్లో గాని పడితే 20 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, కంటికైతే వెంటనే రుయా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ పని మీ ఒక్కరూ చేయొద్దు. చేతకాదనిపిస్తే అసలు చేయొద్దు, మూత బిగించి, ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచితే అది అక్కడే ఉంటుంది.

నీలం నీళ్ల విషయంలో ఈ రోజే చేయాల్సింది ఒకటి ఉంది. కూల్‌డ్రింకు సీసాలు. వెండి సీసా ఉన్న గదిలోనే ఉన్నాయా, అయితే తాళమే కాపలా. మిద్దె మీద గాని, మెట్ల కింద గాని ఒక్కటైనా బయట ఉంటే ఈ క్షణమే పెద్ద అక్షరాలతో "విషం" అని రాసి చెల్లెలి చేతికి అందని చోట పెట్టండి. వేసవి మధ్యాహ్నం దాహంగా ఉన్న పిల్లకు అది సోడాలాగే కనిపిస్తుంది.

పొట్లంలో మిగిలిన మైలుతుత్తం మన వైపు బెంగపడాల్సిన వస్తువు కాదు. చిత్తూరు మామిడి తోటల్లో సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసేది దీంతోనే, నూరు లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం లెక్కన. పేరు రాసి ఉన్న పొట్లం, తెరిచి ఏదీ కలపనిది అయితే తోట ఉన్న బంధువుకు ఇచ్చేయండి. కరిగించిన నీళ్లను మాత్రం చెట్లకు పోయొద్దు, కాలువకు పంపొద్దు, మైలుతుత్తంలో ఉండేది రాగి, అది చేపలకూ నీటి పురుగులకూ విషం.

ఆ నీళ్లతో మీ అబ్బాయికి ఒక పని అప్పజెప్పాలని నా కోరిక. వాళ్ల లెక్చరరు ఒప్పుకుని, దగ్గరుండి చేయిస్తేనే. నీలం నీళ్లలో తుప్పు పట్టే రకం ఇనుప మేకులు వేసి ఉంచితే రాగి వాటి మీదికి ఎర్రగా చేరుతుంది, ఇనుము నీళ్లలోకి దిగుతుంది. నీలం పోయి లేత ఆకుపచ్చ వస్తుంది. మిగిలేది అన్నభేది నీళ్లు, వేరుశనగ ఆకు పసుపుబారితే రైతులు పిచికారీ చేసేది అదే. ఇలా చేసింది పంటకు వాడకూడదు. కానీ రాగి నీళ్ల కంటే ఎన్నో రెట్లు నయం. పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఒక కొత్త మేకు ముంచాలి. గంట తర్వాత కూడా ఎర్రబడకపోతే రాగి అయిపోయినట్టు. ఆ నీళ్లు ధారాళంగా పలచన చేసి వదిలేయొచ్చు, ఎర్ర మేకులు పొట్లం కట్టి మిగతావాటితో అప్పగించాలి. సీసాలో రంగు లేత నీలం కాకుండా చిక్కటి సిరా రంగులో ఉంటే అమ్మోనియా కలిసినట్టు, దాని జోలికి పోవద్దు. చెత్తను ఎలా చెత్త కాకుండా చేయాలో తెలియడం కూడా కెమిస్ట్రీయే, సిలబస్సులో మార్కులు లేవు గాని.

పాదరసం సీసా మూత బిగుతుగా ఉందో చూసి, దాన్ని ఇంకో మూత డబ్బాలో పెట్టి పేరు రాయండి. ఎప్పుడైనా ఒలికితే చీపురుతో ఊడవొద్దు, అట్టముక్కతో దగ్గరికి తీసుకోండి, కిటికీలు తెరవండి. ముట్టుకునే ముందు బంగారు గాజులు, ఉంగరం తీసేయండి, పాదరసం తగిలితే బంగారం తెల్లబడి పాడవుతుంది.

పేరు లేనివాటిలో అబ్బాయి గుర్తుపట్టగలిగినవి పోను మిగిలినవాటికి "తెలియదు" అనే చీటీ అంటించి, అలాగే నిలబెట్టి ఉంచండి. మూత తీసి వాసన చూడటం, రెండు సగం సీసాలను ఒకదాంట్లో కలపడం అస్సలు కూడదు. ఏదైనా ప్లాస్టిక్ సీసా ఉబ్బి ఉంటే లోపల గ్యాసు పుడుతున్నట్టు, దాన్ని కూడా ముట్టుకోకుండా, వెండి సీసా కోసం వచ్చినవాళ్లకు చూపించండి.

ఇవన్నీ ఎవరికి ఇవ్వాలి? ఇంట్లో పుట్టే ప్రమాదకర వ్యర్థాలను వేరుగా తీసుకునే కేంద్రాలు పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒకటి పెట్టాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు స్థానిక సంస్థలకు చెప్పాయి. పగిలిన పాదరసం థర్మామీటర్లు, పాత బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలను ఆ జాబితాలో చేర్చాయి. కాబట్టి మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ చూసే సెక్రటరీని కలిసి, ఆ కేంద్రం ఎక్కడుందని అడగండి. పాదరసం అక్కడ తీసుకుంటారేమో అడగండి. క్రోమియం, సీసం, పేరు తెలియనివి వాళ్లు వద్దనవచ్చు. అప్పుడు తిరుపతిలోనే ఉన్న కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి జాబితా పట్టుకెళ్లండి. ఫ్యాక్టరీల ప్రమాదకర వ్యర్థాలు విశాఖ దగ్గర పరవాడ లాంటి కేంద్రాలకు వెళతాయి. ఒక ఇంటి నాలుగు డబ్బాల కోసం అక్కడి నుంచి బండి రాదు, కానీ ఏ ల్యాబ్ తన వ్యర్థాలతో కలిపి పంపగలదో మండలివాళ్లు చెప్పగలరు. లెక్చరరు ద్వారా యూనివర్సిటీ ల్యాబ్‌ను అడగడం ఇంకో మార్గం. ఎక్కడికెళ్లినా సీసాలు మోసుకెళ్లకండి, బస్సులో ఆటోలో అసలు వద్దు. కాగితం, ఫోటోలు తీసుకెళ్లండి. రెండు మూడుసార్లు తిప్పించుకుంటారు. విసుగొస్తుంది. అయినా మూత బిగించి, పేరు రాసి, నీడన పెట్టిన డబ్బా నెల రోజులు ఆగగలదు.

ఆగలేనిది ఓనరుగారి పని. చెప్పకపోతే గది పడగొట్టడానికి వచ్చే కూలీలు ఆ సీసాల మధ్య గునపాలు దించుతారు, అది మాత్రం జరగకూడదు. చెబితే ఆయన కోప్పడవచ్చు, ఇల్లు ఖాళీ చేయమనీ అనొచ్చు. మధ్యస్థంగా ఒకటుంది: వెండి సీసా తీయించేశాక ఫోన్ చేసి, "ప్రమాదమైంది తీయించేశాం, మిగిలినవి అప్పగించేదాకా మూడు వారాలు పని ఆపండి" అనడం. జరిగిపోయినదాన్ని చెప్పడం, జరగబోయేదాన్ని చెప్పడం కంటే తేలిక. అయితే ఫైర్ బండి వచ్చేటట్టుంటే ఆయనకు ముందే మీ నోటితో తెలియాలి. పక్కింటివాళ్ల నోటితో తెలిస్తే మీ మాటకు విలువ ఉండదు.

మీవారికి ఒక మాట చెప్పండి. యాసిడ్ అమ్మకాల మీద సుప్రీంకోర్టు 2013లోనే ఆంక్షలు పెట్టింది, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. అంటే మీ అబ్బాయికి ఆ వయసు నిండకపోతే, ఎవరో అమ్మకూడనిది అమ్మారు, దాన్ని ఎలా చంపాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. వాడి తప్పు ఉంది. చెల్లెలున్న ఇంట్లో కూల్‌డ్రింకు సీసాలో విషం పోసి ఉంచడం తప్పు, అది వాడికి మెత్తగా కాకుండా సూటిగానే చెప్పాలి. కానీ అంతా మాన్పించేస్తే వాడు మానడు, ఇంకో స్నేహితుడి గదికి వెళతాడు, అక్కడ వేళ్లు నల్లబడితే చూసే అమ్మ ఉండదు. ఒప్పుకుని షరతులు పెడితే ఇంట్లో కొంత తలనొప్పి మిగులుతుంది, కాకపోతే మీ కళ్ల ముందుంటుంది. నేనైతే ఈ షరతులు పెడతాను: ఏ ప్రయోగమైనా దాని వ్యర్థం ఏం చేస్తాడో ముందు రాసి చూపించాకే మొదలు. పేరూ తేదీ లేని సీసా ఉండకూడదు. తిండి డబ్బా, తాగే సీసా ప్రయోగాలకు వాడకూడదు. వెండి, క్రోమియం, పాదరసం, సీసం ఇంట్లోకి రాకూడదు, వాటికి కాలేజీ ల్యాబే చోటు. అలిపిరి రోడ్డులో సైన్స్ సెంటర్ ఉంది, అక్కడికి పంపండి. డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకుంటానంటే అడ్డు చెప్పకండి.

అన్నీ వెళ్లిపోయాక గది నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలు కూడా కవర్లో కట్టి మిగతావాటితోనే ఇవ్వండి. అబ్బాయి జాబితా రాశాక నేను ఇక్కడ చెప్పని పేరు ఏదైనా కనిపిస్తే ఫోటో తీసి నాకు పంపండి. నల్ల సీసా విషయంలో మాత్రం నా జవాబు కోసం చూడొద్దు, రేపు పొద్దున్నే ఆ లెక్చరరుకు ఫోన్ చేయండి.